అమెరికా ముసలోళ్ల మందుల గోస

ప్రపంచానికి పెద్దన్ననని చెప్పుకునే దేశంలో ముసలివాళ్లు బీపీ గోలీని రెండు ముక్కలు చేసి సగం ఇయ్యాల, సగం రేపు మింగారంటే మనలో చాలామంది నమ్మరు. అమెరికా అంటే డాలర్లు కాసే చెట్టని మనకో భ్రమ. మన ఊళ్ల నుంచి పోయిన సాఫ్ట్‌వేర్ పిల్లలు పంపే ఫోటోల్లో వెడల్పాటి రోడ్లు, పెద్ద పెద్ద ఇండ్లు కనిపిస్తాయి. మెడికల్ షాపులో బిల్లు చూసి, చేతిలోని మందుల సీసాను మళ్లీ కౌంటర్ మీదే పెట్టి పోయే ముసలాయన ఆ ఫోటోల్లో కనిపించడు.

ఆ ముసలాయనకు మందులు ఇప్పిస్తామని 2003లో బుష్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 2006 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆ పథకం పేరు మెడికేర్ పార్ట్-డి. మందులైతే వచ్చాయి. వాటితోపాటు ఎవరికీ అంతుచిక్కని ఒక చిక్కుముడి కూడా వచ్చింది. ఏ ప్లాన్ తీసుకోవాలె, నెలకెంత కట్టాలె, ఎప్పుడు సాయం ఆగిపోతుంది అన్నది తెలియక డెబ్బై, ఎనభై ఏండ్ల మనుషులు తలలు పట్టుకున్నారు. అధికారుల చేతగానితనం అన్నారు కొందరు. కొత్త పథకం కదా, మెల్లగా సర్దుకుంటుంది అన్నారు మరికొందరు. మేం ఆ మాట ఒప్పుకోం. మందుల కంపెనీలతో సర్కారు ధర మీద బేరం ఆడకూడదని ముందే నిర్ణయించుకుని ఆ పథకాన్ని కట్టారు. ఆ ఒక్క నిర్ణయంలోంచే మిగతా చిక్కులన్నీ పుట్టుకొచ్చాయి.

కొంచెం వెనక్కి పోదాం. 1965 జూలై 30న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. 65 ఏండ్లు నిండినవాళ్లకు ఆస్పత్రి ఖర్చు, డాక్టరు ఖర్చు సర్కారు చూసుకుంటుందని దాని సారం. మొదటి కార్డు అందుకున్నది మాజీ ప్రెసిడెంట్ హ్యారీ ట్రూమన్. మంచి చట్టమే. కానీ ఇంటికాడ వాడుకునే గోలీల ఖర్చు అందులో లేదు. అప్పట్లో అది పెద్ద లోటు కాదు. మందులు తక్కువ, ధరలూ తక్కువ. ఆ తర్వాత షుగరుకు, గుండెకు, కొలెస్ట్రాలుకు రోజూ గోలీలు వాడే కాలం వచ్చింది. ఆపరేషన్‌కు సర్కారు పైసలిస్తుంది, ఆపరేషన్ అవసరం రాకుండా చూసే గోలీకి ఇవ్వదు. ఇంతకన్నా తలకిందుల లెక్క ఇంకోటుంటుందా?

1988లో ఒకసారి దీన్ని సరిచేయబోయారు. మందుల ఖర్చునూ కలిపి ఒక చట్టం తెచ్చారు. కానీ దాని భారమంతా ముసలివాళ్ల మీదనే వేశారు. కాస్త ఆదాయం ఉన్నవాళ్లు ఏడాదికి 800 డాలర్ల దాకా అదనపు పన్ను కట్టాలన్నారు. ఎవరికి ఏమొస్తుందో సరిగా చెప్పలేదు, బిల్లు మాత్రం ముందు పంపారు. 1989 ఆగస్టులో ఆ చట్టం తెచ్చిన పెద్దల్లో ఒకడైన కాంగ్రెస్ సభ్యుడు డాన్ రోస్టెన్‌కోస్కీ తన సొంత నగరం షికాగోలో ముసలివాళ్ల మీటింగుకు పోతే, వాళ్లు ఆయన కారును చుట్టుముట్టారు. చేతికర్రలతో కారు మీద కొట్టారు. ఒక ముసలావిడ బానెట్‌కు అడ్డం పడింది. ఆయన కారు దిగి ఉరకాల్సి వచ్చింది. ఘెరావ్ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు గానీ, డెబ్బై ఏండ్ల అవ్వలు తాతలు చేసిన ఆ ఘెరావ్‌ను మాత్రం మెచ్చుకోకుండా ఉండలేం. ఆ ఏడాది చివరికల్లా చట్టాన్నే రద్దు చేశారు. కోపానికి కారణమైన పన్నుతోపాటు ఇంకా మొదలే కాని మందుల సాయం కూడా పోయింది. తర్వాత పద్నాలుగేండ్లు ఆ జోలికి పోవడానికి నాయకులు జంకారు.

ఆ పద్నాలుగేండ్లలో ముసలివాళ్లు బస్సులెక్కి కెనడాకు పోయి మందులు కొనుక్కొచ్చుకున్నారు. అదే కంపెనీ, అదే గోలీ. సరిహద్దు దాటితే ధర తక్కువ. ఎందుకు తక్కువ? అక్కడి ప్రభుత్వం ధరకు ఒక హద్దు పెట్టింది కాబట్టి. 1999లో వెర్మాంట్ రాష్ట్రం నుంచి బెర్నీ శాండర్స్ రొమ్ము క్యాన్సర్ బాధిత మహిళలను వెంటబెట్టుకుని మాంట్రియల్‌కు బస్సులో పోయాడు. ఆ ప్రయాణం మందుల ధరల బండారాన్ని దేశమంతటికీ చూపించింది.

ఇట్లాంటి పరిస్థితిలో 2003 నవంబర్ వచ్చింది. ఎన్నికలకు ఇంకో ఏడాది. ముసలివాళ్ల ఓట్లు కావాలె, కంపెనీల మనసు నొప్పించొద్దు. నవంబర్ 22 తెల్లవారుజామున మూడు గంటలకు ప్రతినిధుల సభలో ఓటింగ్ మొదలైంది. దేశం నిద్రపోతున్న వేళ ముసలివాళ్ల బతుకు మీద ఓటింగేంది? అక్కడ ఓటింగ్‌కు మామూలుగా పదిహేను నిమిషాలిస్తారు. పదిహేను నిమిషాలు గడిచాయి, బిల్లు ఓడిపోతున్నది. అయినా ఓటింగ్ ఆపలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఆరోగ్య మంత్రి స్వయంగా సభలో తిరుగుతూ ఒక్కొక్క సభ్యుడినీ పట్టుకుని బతిమాలాడు. బుష్ దొర ఫోన్లు చేశాడు. దాదాపు మూడు గంటల తర్వాత 220-215 ఓట్లతో గట్టెక్కించి, అప్పుడు గంట కొట్టారు. ఆ రాత్రి సొంత పార్టీ సభ్యుడినే ఓటు కోసం ఒత్తిడి చేసినందుకు టామ్ డిలే అనే పెద్ద నాయకుడిని సభ నైతిక కమిటీ మరుసటేడు తప్పుపట్టింది. డిసెంబర్ 8న బుష్ చట్టం మీద సంతకం పెట్టాడు.

ఆ చట్టంలో ఒక చిన్న వాక్యం ఉంది. మందుల కంపెనీలకూ ఇన్సూరెన్స్ ప్లాన్లకూ నడుమ జరిగే బేరాల్లో ఆరోగ్య మంత్రి జోక్యం చేసుకోరాదు. అంతే. నాలుగు కోట్ల పైచిలుకు మందికి మందులు కొనిపెట్టే సర్కారు, ధర ఎంత అని అడగకూడదు! అదే సర్కారు మాజీ సైనికుల ఆస్పత్రుల కోసం మందులు కొనేటప్పుడు బేరమాడి తక్కువకే కొంటుంది. అక్కడ చేయగలిగింది ఇక్కడ చేయొద్దని చట్టమే రాసింది. మన అంగడిలో టమాటలు కొనే ఇల్లాలికున్న హక్కు ప్రపంచంలోని అతి పెద్ద సర్కారుకు లేకుండా పోయింది.

ఈ బిల్లును సభలో నడిపించిన కమిటీల్లో ఒకదానికి ఛైర్మన్ బిల్లీ టౌజిన్. 2005 జనవరిలో ఆయన మందుల కంపెనీల సంఘానికి అధ్యక్షుడిగా పోయి కూర్చున్నాడు. దీనికి వ్యాఖ్యానం అవసరమా? రిటైర్డ్ మనుషుల అతిపెద్ద సంఘం ఏఏఆర్‌పీ కూడా చివరి నిమిషంలో బిల్లుకు మద్దతు పలికింది. వేలమంది సభ్యులు రాజీనామా చేశారు. తర్వాత ఆ సంఘం పేరు పెట్టుకునే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ మందుల ప్లాన్ అమ్ముకుంది, సంఘానికి దాని మీద రాయల్టీ ముట్టింది. సంఘాలు ఎట్లా మెత్తబడతాయో ఉద్యోగ మిత్రులకు మేం చెప్పాలా!

ఉద్యోగులు తప్పకుండా తెలుసుకోవాల్సిన ముచ్చట ఇంకొకటి ఉంది. ఈ పథకానికి పదేండ్లలో 400 బిలియన్ డాలర్లు దాటవని సభకు చెప్పారు. మెడికేర్ చీఫ్ యాక్చువరీ రిచర్డ్ ఫాస్టర్ లెక్క 500 బిలియన్లు దాటింది. ఆ లెక్క సభ్యులకు చెబితే ఉద్యోగం పోతుందని పై అధికారి థామస్ స్కల్లీ ఆయనను బెదిరించాడు. సంతకం అయిపోయిన రెండు నెలల్లోపే ప్రభుత్వమే 534 బిలియన్లని బయటపెట్టింది. లెక్కలు తెలిసిన ఉద్యోగి నోరు కట్టేసి, లెక్క తెలియని సభ్యుల చేత ఓటు వేయించుకున్నారన్నమాట.

ఇక పథకం సంగతి. మేం దాన్ని కాగితం మీద పెట్టుకుని కూడికలు తీసివేతలు వేసుకుంటూ చదివితే గానీ అర్థం కాలేదు. డిగ్రీలు చదువుకున్నవాళ్లం, కళ్లు బాగా కనిపించేవాళ్లం. చూపు మందగించిన పెద్దమనిషి సంగతి ఆలోచించండి.

2006 నాటి లెక్క ఇది. ముందు నెలనెలా ప్రీమియం కట్టాలి. ఏడాదిలో మొదటి 250 డాలర్ల మందులు సొంత పైసలతోనే కొనుక్కోవాలి. అక్కడి నుంచి 2,250 డాలర్ల దాకా నాలుగో వంతు రోగి, మిగతా మూడు వంతులు ప్లాన్ భరిస్తాయి. 2,250 దాటిందా, ప్లాన్ చేతులెత్తేస్తుంది. ఖర్చు 5,100 డాలర్లకు చేరేదాకా ప్రతి పైసా రోగిదే. ఆ గీత దాటితే ప్లాన్ మళ్లీ ప్రత్యక్షమై 95 శాతం కడుతుంది. నడుమ ఖాళీ 2,850 డాలర్లు. అప్పట్లో డాలరుకు 45 రూపాయల చొప్పున వేసుకున్నా లక్షా 28 వేల రూపాయలు. ఆ ఖాళీలో ఉన్నన్నాళ్లూ సాయం లేదు, ప్రీమియం మాత్రం ఆగదు. అమెరికావాళ్లు దీనికి డోనట్ హోల్ అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే గారె నడుమ చిల్లు. చుట్టూ పిండి కనిపిస్తుంది, వేలు పెడితే ఏమీ తగలదు.

ఈ చిల్లు ఎందుకొచ్చింది? 400 బిలియన్ల గీత దాటకుండా లెక్క సరిపోవాలె. ధర తగ్గించుకునే దారి మూసేశారు. ఇక తగ్గించడానికి మిగిలింది ముసలివాళ్లకిచ్చే సాయమే. అందుకే నడుమ కోసేశారు. ఆ చిల్లులో పడేది ఎవరు? తక్కువ మందులు వాడేవాళ్లు దాని దాకా రారు. రోజుకు ఆరేడు గోలీలు మింగే షుగరు, గుండె జబ్బుల మనిషే ఆగస్టుకో సెప్టెంబరుకో వచ్చి పడతాడు.

సర్కారు తానే ఒక పథకం నడిపి ఉంటే మెడికేర్ కార్డు చూపించి మందులు తీసుకునేవాళ్లు. అట్లా చేస్తే బేరం కూడా సర్కారే ఆడాల్సి వస్తుంది కదా! అందుకని ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలకు అప్పజెప్పారు. చాలా రాష్ట్రాల్లో ఒక్కో ముసలివాడి ముందు 40కి పైగా ప్లాన్లు నిలబడ్డాయి. ఒక్కోదానికి ఒక్కో ప్రీమియం, ఒక్కో మందుల జాబితా, ఒక్కో మెడికల్ షాపుల జాబితా. ఒక దాంట్లో షుగరు గోలీ ఉంటే గుండె గోలీ ఉండదు. ఏడాదికి ఒకసారి ఎంచుకున్నాక ముసలివాడు ప్లాన్ మార్చుకోరాదు, కంపెనీ మాత్రం నడుమ మందుల జాబితా మార్చుకోవచ్చు. ఎంచుకోవడానికి ఇంటర్నెట్‌లో చూసుకోమన్నారు. చాలామంది ముసలివాళ్ల ఇండ్లల్లో కంప్యూటరే లేదు. ఇంటింటికీ పంపిన సర్కారీ పుస్తకంలో తక్కువ ఆదాయంవాళ్ల ప్రీమియం గురించి తప్పు అచ్చయింది. ఫోన్ చేసి అడుగుదామంటే, సర్కారీ తనిఖీ సంస్థే 2006లో కంపెనీల ఫోన్ కేంద్రాలకు ఫోన్లు చేయించి చూసింది. పూర్తిగా సరైన జవాబు వచ్చింది మూడింట ఒక వంతు కాల్స్‌కే.

ఆస్పత్రి బిల్లు పట్టుకుని మెడికల్ రీయింబర్స్‌మెంట్ కోసం సెక్షన్ చుట్టూ తిరిగిన రిటైర్డ్ టీచరుకు ఈ బాధ తెలుస్తుంది. ఫారం తప్పంటారు, సంతకం లేదంటారు, రేపు రమ్మంటారు. తిరగలేక కొందరు ఆశ వదులుకుంటారు. ఆశ వదులుకున్నవాడి పైసలు ఎవరికి మిగులుతాయో చెప్పాల్సిన పని లేదు.

2006 జనవరి మొదటి వారం సంగతి వింటే కడుపు తరుక్కుపోతుంది. నిరుపేద ముసలివాళ్లు, వికలాంగులు 60 లక్షల పైచిలుకు మంది అప్పటిదాకా మెడికెయిడ్ అనే పేదల పథకం కింద మందులు తీసుకుంటున్నారు. ఒక్క రాత్రిలో వాళ్లను ఆ పథకంలోంచి తీసి, వాళ్ల మందులేంటో చూడకుండానే ఏదో ఒక ప్రైవేటు ప్లాన్‌లో పడేశారు. తెల్లారి షాపుకు పోతే కంప్యూటర్‌లో పేరు లేదు. ఒకటి నుంచి ఐదు డాలర్లిస్తే చాలిన మనుషులను ముందుగా 250 డాలర్లు కట్టమన్నారు. అరువు మీద మందులిచ్చి పంపిన షాపులవాళ్లున్నారు, ఉత్త చేతులతో తిరిగిపోయినవాళ్లూ ఉన్నారు. చివరికి 20కి పైగా రాష్ట్రాలు తమ ఖజానా నుంచి అత్యవసరంగా పైసలు పెట్టాయి. కేంద్రంలో కూర్చున్నవాళ్లు చేసిన తప్పును రాష్ట్రాలు మోశాయి.

ఇంత జరుగుతుంటే నాయకత్వం ఏం చేసింది? చేరడానికి మే 15 ఆఖరి తేదీ అన్నారు. ఆలోపు చేరకపోతే ఆలస్యమైన ప్రతి నెలకూ ఒక శాతం చొప్పున ప్రీమియం పెంచుతారు, అదీ పథకంలో ఉన్నన్నాళ్లూ. గడువు పెంచండని ప్రతిపక్షమే కాదు, సొంత పార్టీవాళ్లు కూడా కొందరు అడిగారు. బుష్ ఒప్పుకోలేదు. గడువు ఉంటేనే జనం త్వరగా తేల్చుకుంటారన్నది వాళ్ల వాదన. అంతకుముందు ఏడాదే, 2005లో, ముసలివాళ్ల పెన్షన్ పథకాన్ని షేర్ మార్కెట్ వైపు తిప్పుతానని ఊరూరా తిరిగి భంగపడి వచ్చిన పెద్దమనిషి ఆయన. 2006 నవంబర్ ఎన్నికల్లో ఆయన పార్టీ రెండు సభల్లోనూ ఓడింది. ఇరాక్ యుద్ధం ప్రధాన కారణమే, కాదనం. కానీ మందుల షాపు ముందు నిలబడ్డ కోపం కూడా బ్యాలెట్ దాకా నడిచే ఉంటుంది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి నెలల గందరగోళం తగ్గాక చాలామందికి ఈ పథకం మేలు చేసింది. అంతకుముందు మందులకు ఏ సాయమూ లేనివాళ్లకు కొంతైనా దొరికింది. మా కోపం మందులిచ్చినందుకు కాదు. ముసలివాళ్ల పేరు చెప్పి కంపెనీల ధరలకు కాపలా పెట్టినందుకు.

ఆ కాపలా తీసేయడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. 2007 జనవరిలో ప్రతినిధుల సభ సర్కారుకు బేరమాడే హక్కు ఇస్తూ బిల్లు పాస్ చేసింది. సెనేట్‌లో చర్చకు రావడానికి 60 ఓట్లు కావాలె, 55 వచ్చాయి. అక్కడే ఆగిపోయింది. 2008లో టౌజిన్ పేరెత్తి మరీ ప్రచారం చేసిన ఒబామా, గెలిచాక అదే టౌజిన్ నడిపే కంపెనీల సంఘంతో రాజీ పడ్డాడు. 2010 చట్టం గారె చిల్లును కొద్దికొద్దిగా పూడ్చడం మొదలుపెట్టింది, అది పూర్తయ్యేసరికి 2020 వచ్చింది. బేరం మాట మాత్రం ఎత్తలేదు. పార్టీ మారింది, కంపెనీల పలుకుబడి మారలేదు.

చివరికి 2022 ఆగస్టు 16న బైడెన్ సంతకం పెట్టిన చట్టంతో సర్కారుకు కొన్ని మందుల మీద బేరమాడే అధికారం వచ్చింది. సెనేట్‌లో 50-50 అయితే ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో గట్టెక్కింది. 2023 నుంచి మెడికేర్ రోగులకు ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకూడదన్నారు. 2025 నుంచి ఏడాదికి రోగి జేబు ఖర్చు 2,000 డాలర్లు దాటకుండా హద్దు పెట్టారు. మొదటి పది మందుల బేరం ధరలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. జనూవియా అనే షుగరు గోలీ నెల ధర 527 డాలర్లుండేది, బేరమాడితే 113కు దిగింది. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్ 521 నుంచి 231కి దిగింది. అడిగితే తగ్గేదే కదా! ఇన్నేండ్లు అడగనీయకపోవడం వల్ల ఎంతమంది గోలీలు విరుచుకున్నారో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

జనూవియాలో ఉన్న మందు సిటాగ్లిప్టిన్. మన దేశంలో దాని పేటెంట్ 2022లో ముగిసింది. వెంటనే మన కంపెనీలు చేసి అమ్మడం మొదలుపెట్టాయి, గోలీ 20 రూపాయల లోపు కూడా దొరికింది. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల నుంచి అమెరికాకు చవక మందులు పోతూనే ఉన్నాయి. పార్ట్-డి మొదలైన 2006లోనే మన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ కొలెస్ట్రాలు మందు జోకర్‌ను జెనరిక్‌గా అక్కడ అమ్మింది. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం చెరువులను ఖరాబు చేసుకుని మనం చేసిన మందు అక్కడి ముసలాయన ప్రాణం నిలబెడుతున్నది. ఆ చెరువుల కింది రైతుల గోస ఇంకోసారి రాస్తాం.

మన ఊళ్ల నుంచి కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో పోయి గ్రీన్‌కార్డు మీద ఉండిపోయిన తల్లిదండ్రులు కూడా ఈ చిక్కుముడిలో ఉన్నారు. అక్కడ పని చేసిన రికార్డు లేనివాళ్లు 65 దాటినా, వరుసగా ఐదేండ్లు ఉంటే తప్ప మెడికేర్ కొనుక్కోవడానికి కూడా అర్హులు కారు. అందుకే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో వాళ్ల సూట్‌కేసులు తెరిస్తే పచ్చళ్ల డబ్బాల నడుమ నెలల తరబడి సరిపోయే బీపీ, షుగరు గోలీల పెట్టెలుంటాయి.

కంపెనీలు ఊరుకోలేదు. జనూవియా చేసే మెర్క్ 2023 జూన్‌లోనే బేరం చట్టానికి వ్యతిరేకంగా కోర్టుకెక్కింది. 2025 జూలైలో ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద చట్టంలో అరుదైన జబ్బుల మందులకు బేరం నుంచి మినహాయింపు ఇంకా వెడల్పు చేశారు. జేబు ఖర్చు హద్దు 2026కు 2,100 డాలర్లయింది. ప్రైవేటు ప్లాన్లు అట్లాగే ఉన్నాయి, మందుల జాబితాలూ అట్లాగే ఉన్నాయి. ప్రతి ఏడాది అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా అమెరికా ముసలివాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ ఆ కాగితాల ముందు కూర్చుంటున్నారు.